శిక్ష ఎవరికి పడాలి? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

రెండు సంచికల క్రితం ఈ శీర్షికలో ఒక పాఠకుడికి జవాబిస్తూ, లైంగిక సేవలు అమ్మే స్త్రీ జోలికి పోకుండా కొనే మగవాడిని మాత్రమే శిక్షించే చట్టాలు కొన్ని దేశాల్లో ఉన్నాయని ఒక వాక్యం రాశాను. ఆ వాక్యం మీద వచ్చిన ఉత్తరాలతోనే ఈసారి శీర్షిక నిండిపోయింది. రాసినవారి పేర్లు, చిరునామాలు ఇవ్వడం లేదు. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను న్యాయశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. కొనేవారిని నేరస్తులుగా, అమ్మేవారిని బాధితులుగా చూసే ‘నార్డిక్ పద్ధతి’ మీద మా తరగతిలో పెద్ద వాదన జరిగింది. అది విజయవంతమైందని కొందరు, విఫలమైందని మరికొందరు గట్టిగా చెప్పారు. రెండు పక్షాల చేతుల్లోనూ నివేదికలున్నాయి. దేన్ని నమ్మాలి?
– విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: రెండు రకాల నివేదికల్లోనూ అబద్ధం ఉండనక్కరలేదు. అవి లెక్కపెట్టిన విషయాలు వేరు.

ముందు చట్టం సంగతి చూద్దాం. స్వీడన్‌లో ఇది 1999 జనవరి 1న అమల్లోకి వచ్చింది. స్త్రీల మీద జరిగే హింసను అరికట్టడానికి చేపట్టిన సంస్కరణల్లో, గృహహింసకు సంబంధించిన నిబంధనలతో పాటే దీన్నీ తెచ్చారు. డబ్బిచ్చి ఒక మనిషి శరీరాన్ని వాడుకోవడం కూడా హింసేననీ, ఆ బేరంలో పైచేయి కొనేవాడిదే గనుక శిక్ష అతనికే పడాలనీ దాని వెనుక ఉన్న ఆలోచన. మొదట్లో జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు ఉండేది. 2011లో గరిష్ఠ శిక్షను ఏడాదికి పెంచారు. 2022లో జరిమానాతో సరిపెట్టే వీలును తీసేశారు. మనుషులు ఎదురెదురుగా లేకుండా, తెర మీద డబ్బిచ్చి చేయించుకునే లైంగిక చర్యలనూ 2025 జూలై నుంచి దీని పరిధిలోకి తెచ్చారు. నార్వే, ఐస్‌లాండ్ 2009లో, కెనడా 2014లో, ఉత్తర ఐర్లాండ్ 2015లో, ఫ్రాన్స్ 2016లో, ఐర్లాండ్ 2017లో ఇదే దారి పట్టాయి. ఇజ్రాయెల్ 2018 చివర్లో చట్టం చేసి, 2020లో అమలు మొదలుపెట్టింది.

ఇక ఫలితాలు. సమర్థించేవారు ముందుగా చూపేది 2010 నాటి స్వీడన్ ప్రభుత్వ విచారణ నివేదిక. 1999 తరువాత వీధుల్లో జరిగే వ్యభిచారం సగానికి తగ్గిందని అది తేల్చింది. ఆ సంగతి చెప్పేవారు మరో రెండు సంగతులు కూడా చెప్పాలి. కొనుగోలు నేరంగానే కొనసాగాలన్న షరతు మీదే ప్రభుత్వం ఆ విచారణను అప్పగించింది. పైగా ఆ పదేళ్లలోనే మొబైల్ ఫోన్, ఇంటర్నెట్ వచ్చి ఈ వ్యాపారం చాలా దేశాల్లో వీధి నుంచి లోపలికి మళ్లింది. వీధి ఖాళీ కావడంలో చట్టం వాటా ఎంత, ఫోన్ వాటా ఎంత అన్నది ఆ లెక్కతో తేలేది కాదు.

వ్యతిరేకించేవారి ఆధారాలకూ ఇలాంటి లోపాలే ఉన్నాయి. ఉత్తర ఐర్లాండ్ న్యాయశాఖ కోరిక మీద బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. చట్టం వచ్చాక గిరాకీ తగ్గినట్టు ఆధారం లేదని అది చెప్పింది. వాళ్లు ముఖ్యంగా ఆధారపడినది ఆన్‌లైన్ ప్రకటనల మీద. ఒకే స్త్రీ నాలుగు ప్రకటనలు పెట్టవచ్చు, నాలుగు ఊళ్లు తిరుగుతూ ఒకే ప్రకటన పెట్టనూవచ్చు. ఫ్రాన్స్‌లో చట్టం వచ్చిన రెండేళ్లకు జరిపిన ఒక సర్వేలో 63 శాతం మంది సెక్స్ వర్కర్లు తమ బతుకు అంతకుముందు కంటే దిగజారిందన్నారు. ఈ సంఖ్యను నేను తేలిగ్గా తీసుకోను. అయితే సర్వే అడిగింది వృత్తిలో ఇంకా ఉన్నవారిని. మానుకుని వెళ్లిపోయినవారి మాట అందులో వినిపించదు.

మీ తరగతిలో ఎవరూ ఎత్తి ఉండరనిపించే విషయం ఒకటుంది. ఫ్రాన్స్ చట్టంలో శిక్ష ఒక భాగం మాత్రమే. మొదటిసారి పట్టుబడిన కొనుగోలుదారుకు 1,500 యూరోల వరకు, మళ్లీ పట్టుబడితే 3,750 యూరోల వరకు జరిమానా ఉంటుంది. రెండో భాగం, ఆ వృత్తి మానదలచిన స్త్రీకి ప్రభుత్వం ఇచ్చే ఆసరా: నెలవారీ భృతి, విదేశీయురాలైతే ఆరు నెలల తాత్కాలిక నివాస అనుమతి. ఆ భృతి మొదట్లో నెలకు సుమారు 330 యూరోలు. పారిస్‌లో దానితో గది అద్దె కూడా కట్టలేరు. చట్టం పనిచేసిందా లేదా అని అడిగేవారు జరిమానాల లెక్క చూసినంత శ్రద్ధగా ఆ 330 యూరోల లెక్కనూ చూడాలి.

ఈ చట్టం తమ ప్రాణానికీ ఆరోగ్యానికీ ముప్పు తెచ్చిందంటూ 261 మంది యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లారు. 2024 జూలైలో న్యాయస్థానం ఫ్రాన్స్ చట్టం హక్కుల ఉల్లంఘన కాదని ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. ‘నార్డిక్ పద్ధతి గెలిచింది’ అని దాన్ని ప్రచారం చేసినవారు ఉన్నారు. న్యాయస్థానం అంత మాట అనలేదు. ఇంత సున్నితమైన విషయంలో ఏ విధానాన్ని ఎంచుకోవాలో నిర్ణయించే విస్తృతమైన వెసులుబాటు ప్రతి దేశానికీ ఉంటుందనీ, పరిస్థితులను బట్టి ఫ్రాన్స్ తన చట్టాన్ని ఎప్పటికప్పుడు సమీక్షించుకుంటూ ఉండాలనీ మాత్రమే చెప్పింది.

ప్రశ్న: అయ్యా/అమ్మా, ‘వ్యభిచార గృహంపై దాడి, నిర్వాహకురాలితో పాటు ఇద్దరు విటుల అరెస్టు’ అన్న వార్త మా జిల్లా పేజీలో తరచూ చూస్తుంటాం. ఆ విటులకు చివరకు ఏమవుతుంది? మన చట్టం ప్రకారం కొనడం నేరమా, కాదా? నేను విశ్రాంత ఉద్యోగిని, కోర్టు వ్యవహారాలు కొంత తెలిసినవాడినే. అయినా ఈ విషయంలో స్పష్టత దొరకలేదు.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీకు స్పష్టత దొరకకపోవడంలో మీ తప్పేమీ లేదు, హైకోర్టుల మధ్యే అది లేదు.

మన పోలీసులు ‘పీటా’ అని పిలిచే 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం, ఒక వయోజన స్త్రీ తన ఇష్టంతో డబ్బు తీసుకుని సంబంధం పెట్టుకోవడాన్ని నేరమనలేదు. దాని చుట్టూ ఉన్నవన్నీ నేరాలన్నది: 3వ సెక్షన్ కింద వ్యభిచార గృహం నడపడం, 4వ సెక్షన్ కింద ఆ సంపాదన మీద బతకడం, 5 కింద మనిషిని ఇందులోకి తీసుకురావడం, 6 కింద నిర్బంధించడం, 8 కింద బహిరంగంగా పిలవడం. కొనేవాడి ప్రస్తావన సూటిగా ఉన్నది 7వ సెక్షన్‌లోనే. గుడి, బడి, హాస్టల్, ఆసుపత్రి వంటి వాటికి 200 మీటర్ల లోపు గానీ, ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతంలో గానీ ఇది జరిగితే, ఆ స్త్రీకీ ఆమె దగ్గరకు వచ్చిన వ్యక్తికీ ఇద్దరికీ మూడు నెలల వరకు జైలు పడవచ్చు. 201వ మీటరు దగ్గర అదే మనిషి అదే పని చేస్తే ఆ సెక్షన్ వర్తించదు.

దాడి ఎలా జరుగుతుందో చూడండి. పోలీసులు మారువేషంలో పంపిన వ్యక్తి ముందే నంబర్లు రాసిపెట్టుకున్న నోట్లు ఇస్తాడు. అతని సైగ అందగానే బృందం లోపలికి వెళ్తుంది. ప్రత్యేక పోలీసు అధికారి ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గకూడదనీ, వెంట కనీసం ఇద్దరు మహిళా పోలీసులు ఉండాలనీ, పంచనామాకు పిలిచే స్థానికులలో కనీసం ఒక స్త్రీ ఉండాలనీ చట్టం చెబుతుంది. నోట్లు, సెల్‌ఫోన్లు, కండోమ్ ప్యాకెట్లు స్వాధీనం చేసుకున్నట్టు పంచనామాలో రాస్తారు. చార్జిషీటులో నిర్వాహకురాలు ఏ-1, దళారి ఏ-2, దొరికిన ‘కస్టమర్’ ఏ-3 అవుతారు. స్త్రీని బాధితురాలు అంటారు.

ఇక్కడి నుంచి వాళ్ల దారులు వేరవుతాయి. ఏ-3 నోటీసు తీసుకునో, బెయిలు మీదో ఆ సాయంత్రానికి ఇల్లు చేరతాడు. ఆ తరువాత లాయరును పెట్టుకుని కేసు కొట్టేయమని హైకోర్టుకు వెళ్తాడు. 3, 4, 5 సెక్షన్లు కస్టమర్‌కు వర్తించవని 2014లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక కేసులో చెప్పింది గనుక, అలాంటి పిటిషన్లకు మన దగ్గర తరచుగా అనుకూలమైన ఉత్తర్వులే వస్తున్నాయి. బాధితురాలి విషయంలో 17వ సెక్షన్ ప్రకారం విచారణ పేరుతో మూడు వారాల వరకు కస్టడీలో ఉంచవచ్చు, ఆపైన రక్షణ అవసరమని మేజిస్ట్రేటు భావిస్తే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల వరకు హోంలో ఉంచవచ్చు. ఆమె మీద నేరారోపణే లేదు. వెళ్తానంటే తలుపు తీయరు.

ఇటీవల కేరళ హైకోర్టు వేరే దారి తీసింది. డబ్బిచ్చే మనిషి ఆ స్త్రీని అదే వృత్తిలో కొనసాగేలా ప్రేరేపిస్తున్నాడు గనుక 5వ సెక్షన్ కింద అతనిపై విచారణ సాగవచ్చని 2025 జూలైలో తీర్పు చెప్పింది. అతనిపై 3, 4 సెక్షన్ల కింద పెట్టిన అభియోగాలను మాత్రం కొట్టేసింది. సుప్రీంకోర్టు ఈ భేదాన్ని తేల్చేవరకు ఒక రాష్ట్రంలో నేరమైనది పక్క రాష్ట్రంలో కాకుండా పోతుంది.

వీటన్నిటి కంటే బలమైన నిబంధన ఇంకొకటి ఉంది. అక్రమ రవాణాకు గురైన మనిషి అని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ ఆమెను లైంగికంగా వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 144వ సెక్షన్ కింద మూడు నుంచి ఏడేళ్ల జైలు. ఆమె మైనరైతే ఐదు నుంచి పదేళ్లు. 2013లో పాత శిక్షాస్మృతిలో 370ఏగా చేర్చిన నిబంధనే ఇది, శిక్ష పెరిగింది. మైనరు విషయంలో పోక్సో చట్టం ఎలాగూ ఉంటుంది. 2018లో యాదగిరిగుట్టలో పదిమందికి పైగా చిన్నారులను పోలీసులు బయటికి తెచ్చిన సంఘటన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అలాంటిచోట కొనేవాడి శిక్ష గురించి వాదించడానికి ఏమీ లేదు.

ప్రశ్న: అప్పటి మా ఖమ్మం ఎంపీ రేణుకా చౌదరి గారు కేంద్రమంత్రిగా ఉన్నప్పుడే కొనేవారిని శిక్షించే బిల్లు పెట్టారని మా నాన్నగారు చెప్పేవారు. నిజమేనా? ఏమైంది?
– పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ నాన్నగారు చెప్పింది నిజమే. ఆమె మహిళా, శిశు అభివృద్ధి శాఖను చూస్తున్న 2006లో పీటా చట్టానికి సవరణ బిల్లు లోక్‌సభ ముందుకు వచ్చింది. అందులో రెండు ముఖ్యమైన అంశాలున్నాయి. బహిరంగంగా పిలిచిందంటూ స్త్రీని శిక్షించే 8వ సెక్షన్‌ను తొలగించడం ఒకటి. అక్రమ రవాణా బాధితురాలిని వాడుకోవడానికి వ్యభిచార గృహానికి వచ్చినవాడికి కొత్తగా 5సీ సెక్షన్ కింద శిక్ష విధించడం రెండోది. మొదటిసారి మూడు నెలల వరకు జైలు లేదా 20,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ, మళ్లీ దొరికితే ఆరు నెలల వరకు జైలు, 50,000 వరకు జరిమానా అని ప్రతిపాదించారు.

వ్యతిరేకత రెండు వైపుల నుంచి వచ్చింది. కోల్‌కతాలోని వ్యభిచార వాడ సోనాగచ్చికి చెందిన దుర్బార్ మహిళా సమన్వయ కమిటీ, మరికొన్ని సెక్స్ వర్కర్ల సంఘాలు వీధికెక్కాయి. గిరాకీ భయపడితే తాము మరింత చీకట్లోకి వెళ్లాల్సి వస్తుందని వాదించాయి. అదే ప్రభుత్వంలో ఆరోగ్యమంత్రిగా ఉన్న అన్బుమణి రామదాస్ కూడా, ఎయిడ్స్ నివారణ కార్యక్రమాలు ఆ స్త్రీలకు అందకుండా పోతాయంటూ ఈ నిబంధనకు అడ్డు చెప్పారు. బిల్లు స్థాయీ సంఘానికి వెళ్లింది, మంత్రివర్గంలో ఏకాభిప్రాయం కుదరలేదు, 2009లో సభ రద్దుతో పాటే మురిగిపోయింది.

ఆ గొడవలో 5సీతో పాటు 8వ సెక్షన్ తొలగింపు కూడా గాలికి పోయింది. నా దృష్టిలో పెద్ద నష్టం అదే. 8వ సెక్షన్ ఇప్పటికీ అలాగే ఉంది. కిటికీ దగ్గరో, బాల్కనీలోనో నిలబడి పిలిచిందని స్త్రీ మీద రుజువైతే మొదటిసారి ఆరు నెలల వరకు జైలు. అదే నేరం మగవాడు చేస్తే ఏడు రోజుల నుంచి మూడు నెలలు. ఈ తేడా ఎందుకుండాలో ఏ పార్లమెంటూ వివరించలేదు.

ప్రశ్న: మీరు చట్టపు సెక్షన్లు చెబుతారు, అసలు విషయం చెప్పరు. కడుపు నిండిన ఏ ఆడపిల్లా ఈ పనికి రాదు. ‘ఇష్టపూర్వకం’ అన్న మాట వినగానే నాకు ఒళ్లు మండుతుంది. పేదరికం, కులం, తాగుబోతు మొగుడు, మోసగాడు, వీళ్లంతా కలిసి ఒక స్త్రీని తోస్తే, చివర్లో నిలబడి డబ్బు చూపించేవాడు కొనేవాడు. వాడిని శిక్షించడానికి ఇన్ని శషభిషలెందుకు? మీరు ఏ పక్షమో సూటిగా చెప్పండి.
– డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, వరంగల్

జవాబు: సూటిగానే చెబుతాను. కొనేవాడి చేతిలో బలం ఉందన్న మీ మాటతో నాకు పేచీ లేదు. ఉమ్మడి అనంతపురం జిల్లా కదిరి చుట్టుపక్కల కరువు పల్లెల నుంచి పని ఇప్పిస్తామని తీసుకెళ్లి పుణెలోని బుధవార్ పేటలో, ఢిల్లీ జీబీ రోడ్డులో అమ్మేసిన స్త్రీల విషయంలో ‘ఇష్టం’ గురించి మాట్లాడేవారికి నా దగ్గరా జవాబు లేదు. అలాంటి స్త్రీని కొన్నవాడి మీద న్యాయ సంహిత 144వ సెక్షన్ కింద కేసు పెట్టాలి, శిక్ష పడేదాకా నడపాలి. ‘తెలిసి గానీ, నమ్మడానికి కారణం ఉండి గానీ’ అన్న మాటల్లోనే చాలినంత బలం ఉంది. గది బయట తాళం వేసి ఉందా, డబ్బు ఎవరి చేతికి ఇచ్చాడు, తెలుగు తప్ప మరో భాష రాని ఆమె తరఫున ఆ ఊళ్లో ఎవరు మాట్లాడారు అన్న ప్రశ్నలు దర్యాప్తు అధికారి అడిగితే చాలు, కారణం ఉన్నదో లేదో బయటపడుతుంది.

ప్రతి కొనుగోలునూ నేరం చేయాలన్న దగ్గర మాత్రం నేను ఆగుతాను. నాకు కొనేవాడి మీద జాలి ఉండి ఆగడం లేదు. ఆ చట్టం మన దగ్గర ఏ చట్టాల పక్కన వచ్చి కూర్చుంటుందో చూసి ఆగుతున్నాను.

పీటా చట్టంలో వ్యభిచార గృహానికి ఇచ్చిన నిర్వచనం చదవండి. వేరొకరి లాభం కోసం నడిచే చోటే కాదు, ఇద్దరు స్త్రీలు పరస్పర లాభం కోసం వాడుకునే చోటు కూడా వ్యభిచార గృహమే. అంటే, భద్రత కోసం ఇద్దరు స్త్రీలు ఒకే గది అద్దెకు తీసుకుంటే వాళ్లే నిర్వాహకులవుతారు, ఒకటి నుంచి మూడేళ్ల కఠిన శిక్షకు అర్హులవుతారు. 4వ సెక్షన్ ప్రకారం, తెలిసి ఆమె సంపాదన మీద బతికే పద్దెనిమిదేళ్లు దాటిన ఎవరైనా నేరస్తులే. ఇంటర్ ముగించి డిగ్రీలో చేరిన ఆమె కొడుకు, మంచాన ఉన్న ఆమె తల్లి కూడా ఇందులోకి వస్తారు. ఇంటి యజమాని మీద కేసు పడుతుంది గనుక అతను ఖాళీ చేయిస్తాడు. ఈ నిబంధనలు ఉండగా కొనేవాడినీ నేరస్తుణ్ణి చేస్తే, ఒంటరిగా, తెలియని చోటుకు, తొందరపడుతున్న మనిషి వెంట వెళ్లాల్సిన స్థితి ఆమెకే వస్తుంది.

ఇది ఊహ అంటారేమో. నార్వేలో కొనుగోలు నేరమైన కాలంలోనే ఓస్లో పోలీసులు ఇళ్ల యజమానుల మీద ఒత్తిడి తెచ్చి ఆ స్త్రీలను ఖాళీ చేయించారు. ఆ కార్యక్రమానికి వాళ్లు పెట్టుకున్న పేరే ‘ఆపరేషన్ హోమ్‌లెస్’. ఐర్లాండ్ 2017లో కొనడాన్ని నేరం చేస్తూనే వ్యభిచార గృహం నడపడానికి శిక్షలు పెంచింది. రెండేళ్ల తరువాత, ఒకే ఇంట్లో పనిచేస్తున్న ఇద్దరు వలస మహిళలకు తొమ్మిది నెలల జైలు పడింది. వారిలో ఒకరు అప్పటికి గర్భవతి. స్త్రీని శిక్షించబోమని చెప్పిన చట్టం కిందే ఇది జరిగింది.

స్వీడన్ పక్షాన నిలిచేవారి వాదనల్లో నాకు బలంగా తోచేది ఒకటుంది. కొనేవాడు నేరస్తుడు, ఆమె కాదు గనుక, అతను చేయి చేసుకుంటే ఆమె ధైర్యంగా పోలీసులకు ఫోన్ చేయగలదంటారు. స్టాక్‌హోమ్‌లో అది కొంతవరకు నిజమే కావచ్చు. అక్కడ పోలీసుల వెంట సామాజిక కార్యకర్తలు ఉంటారు, ‘మీకా’ అనే ప్రత్యేక కేంద్రాలు ఉన్నాయి, అక్కడ ఆమెకు మానసిక వైద్యం నుంచి ఇల్లు వెతికిపెట్టే సాయం దాకా ఎవరో ఒకరు పట్టించుకుంటారు. మన దగ్గర ఆమె ఫోన్ చేయాల్సింది తనను 17వ సెక్షన్ కింద హోంకు పంపగల అదే స్టేషనుకు.

కోస్తా జిల్లాల్లో మనకు ఒక పాత అనుభవం కూడా ఉంది. ముత్తులక్ష్మీ రెడ్డి వంటివారి దీర్ఘకాల కృషి తరువాత 1947లో మద్రాసు దేవదాసీ నిరోధక చట్టం వచ్చింది. దేవుడికి అంకితం చేసే ఆచారాన్ని ఆపడం అవసరమే, అందులో సందేహం లేదు. కానీ గుడి మాన్యంతో, ఆటపాటతో బతికిన కలావంతుల కుటుంబాల స్త్రీలకు ఆ మరుసటి నెల నుంచి బియ్యం ఎక్కడి నుంచి వస్తాయో ఆ చట్టం అడగలేదు. తరతరాలుగా వాళ్లను పోషించిన భూస్వాములను పల్లెత్తు మాట అననూ లేదు. జోగినీ ఆచారం మీద 1988లో ఉమ్మడి రాష్ట్రం చేసిన చట్టం వచ్చేనాటికి పునరావాసం అన్న మాట ఎంతో కొంత వినపడింది, ఆచరణలో అది ఎంత దూరం వెళ్లిందో తెలంగాణ పల్లెల్లో పనిచేసినవారికి తెలుసు.

కాబట్టి నా పక్షం ఇది. 8వ సెక్షన్ పోవాలి. ఇద్దరు స్త్రీలు కలిసి ఉండటాన్ని వ్యభిచార గృహం అనడం ఆగాలి. 4వ సెక్షన్ నుంచి తల్లిదండ్రులను, పిల్లలను తప్పించాలి. నేరం చేయని వయోజన స్త్రీని ఆమె ఇష్టం లేకుండా హోంలో పెట్టే అధికారం పోవాలి. 144ను నిజంగా వాడాలి. ఈ పనులు చేశాక కూడా కొనుగోలు మొత్తాన్ని నేరం చేయాలని మీరు ప్రతిపాదిస్తే, నేను మీతో కూర్చుని మనస్ఫూర్తిగా ఆలోచిస్తాను. ముందు కొనేవాడి శిక్ష, మిగతావి తరువాత అంటే నేను ఒప్పుకోను. మన దగ్గర ‘తరువాత’ అన్నవి 2006 బిల్లుతో పాటే మురిగిపోయాయి.

ప్రశ్న: మేము పదేళ్లుగా న్యూజిలాండ్‌లో ఉంటున్నాం. ఇక్కడ ఇదంతా చట్టబద్ధమే. ఇండియా ఈ పద్ధతి ఎందుకు తీసుకోకూడదు?
– ఒక పాఠకుడు, ఆక్లాండ్

జవాబు: న్యూజిలాండ్ చట్టం 2003లో 60–59 ఓట్లతో, ఒకే ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది, ఒక సభ్యుడు ఓటు వేయలేదు. అమ్మినవారూ కొన్నవారూ నేరస్తులు కారు. ఈ పనికీ కార్మిక ఆరోగ్య, భద్రతా నియమాలు వర్తిస్తాయి. ఏ క్షణంలోనైనా కుదరదని చెప్పే హక్కు ఆమెకు ఉంటుంది. చట్టం వచ్చిన ఐదేళ్లకు జరిగిన అధికారిక సమీక్షలో ఈ వృత్తిలోని వారి సంఖ్య పెరిగినట్టు కనబడలేదు.

మీరు అక్కడే ఉంటున్నారు గనుక ఒక సంగతి మీకు తెలిసే ఉండాలి. తాత్కాలిక వీసా మీద వచ్చినవారికి ఆ చట్టంలోని 19వ సెక్షన్ ఈ రక్షణ ఇవ్వదు. విద్యార్థి వీసా మీద ఉన్న స్త్రీ ఇందులోకి దిగితే ఆమెను దేశం నుంచి పంపించేయవచ్చు. దాన్నే ఆయుధంగా చేసుకుని బెదిరించేవాడు ఆమెకు ఎదురుపడవచ్చు. వలస వచ్చిన స్త్రీ దగ్గరకు వచ్చేసరికి అక్కడి ఉదార చట్టం కూడా ముఖం తిప్పుకుంటుంది. ఇండియా అక్కడి నుంచి ఏదైనా తీసుకోవాలంటే ఈ 19వ సెక్షన్‌ను వదిలేసి తీసుకోవాలి.

ప్రశ్న: నేను రాజమండ్రి ప్రాంతంలో హెచ్ఐవీ నివారణ కార్యక్రమంలో ఫీల్డ్‌లో పనిచేస్తున్నాను. 2022లో సుప్రీంకోర్టు సెక్స్ వర్కర్లను అరెస్టు చేయకూడదని చెప్పిందని మేము మా అక్కలకు చెబుతుంటాం. ఆ మాట స్టేషనులో చెబితే నవ్వుతున్నారు. బ్యాగులో కండోమ్‌లు ఉంటే చాలు, కేసు రాస్తామంటున్నారు. మేము చెప్పేది తప్పా?
– ఒక కార్యకర్త

జవాబు: సగం ఒప్పు, సగం సరిచేసుకోవాలి. ఆ ఉత్తర్వు వచ్చిన రోజున చాలా పత్రికలు కూడా పొరబడి రాశాయి.

2022 మే 19న జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు నాయకత్వంలోని ధర్మాసనం, కోర్టే నియమించిన కమిటీ చేసిన సిఫారసుల మీద ఉత్తర్వు ఇచ్చింది. మొత్తం పది సిఫారసుల్లో కొన్నింటికి కేంద్రం అభ్యంతరం తెలిపింది. వయోజన స్త్రీ ఇష్టపూర్వకంగా ఉన్నప్పుడు పోలీసులు జోక్యం చేసుకోకూడదన్నది, దాడుల్లో ఆమెను అరెస్టు చేయకూడదన్నది అలా అభ్యంతరం ఎదుర్కొన్నవాటిలోనే ఉన్నాయి. కాబట్టి ‘అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు ఆదేశించింది’ అని చెప్పకండి. అభ్యంతరం లేని సిఫారసులను మాత్రం, పార్లమెంటు చట్టం చేసేవరకు అమలు చేయాలని అన్ని రాష్ట్రాలనూ కోర్టు ఆదేశించింది. మీకు కావలసినవి ఇవి:

కండోమ్‌లను నేరానికి రుజువుగా వాడకూడదన్నది అమల్లో ఉన్న ఆదేశమే. లైంగిక దాడికి గురైన సెక్స్ వర్కర్‌కు మిగతా బాధితులకు ఇచ్చినట్టే వెంటనే వైద్యం, ఇతర సాయం అందించాలన్నది ఆదేశమే. దాడుల సమయంలో ఆమె ఫోటో గానీ పేరు గానీ బయటపెట్టకూడదన్నది ఆదేశమే, దీన్ని మీ జిల్లా విలేకరులకు కూడా ఒకసారి గుర్తు చేయండి. ఇష్టం లేకుండా హోముల్లో ఉన్న వయోజన స్త్రీల కేసులను సమీక్షించి వదిలిపెట్టాలన్నదీ అందులో ఉంది. ఆధార్ విషయంలో, చిరునామా రుజువు లేకపోయినా రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రాజెక్టు డైరెక్టర్ లేదా జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (న్యాకో) గెజిటెడ్ అధికారి ఇచ్చే ధ్రువపత్రంతో కార్డు ఇవ్వాలి, ఆమె వృత్తిని సూచించే గుర్తేదీ అందులో ఉండకూడదు.

స్టేషనులో నోటిమాటగా చెబితే నవ్వుతారు. అందుకని ఆ ఉత్తర్వు ప్రతిని జత చేసి, కండోమ్‌ల గురించిన పేరా కింద గీత గీసి, మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి దరఖాస్తు పెట్టండి. ఈ స్త్రీలకు హక్కుల మీద అవగాహన సదస్సులు జరపడం ఆ ఉత్తర్వు ప్రకారం న్యాయ సేవాధికార సంస్థల బాధ్యతే. ఆ కార్యదర్శి న్యాయాధికారి, ఆయనో ఆమెనో స్టేషనుకు లేఖ రాస్తే దానికి జవాబు ఇవ్వక తప్పదు. దరఖాస్తులో ఏ స్త్రీ పేరూ రాయకండి, జరిగిన తేదీ, చోటు, స్వాధీనం చేసుకున్న వస్తువులు చాలు. అత్యవసరమైతే ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరుకు ఎవరైనా ఫోన్ చేయవచ్చు, స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ సాయం అందుతుంది.